టికెట్ లేని గుట్ట

ముప్పై ఒక్క ఏండ్లు కండక్టర్ కొలువు చేసిన,
మెహిదీపట్నం డిపో, శానా ఏండ్లు గచ్చిబౌలి దిక్కే.
కిటికీలకెల్లి కనవడేది ఈ గుట్ట.
బండ మీద బండ, దాని మీద ఇంకో బండ,
ఎవరో పేర్చుకుంట పేర్చుకుంట
ఇప్పుడే వస్తనని లేచిపోయినట్టు.
ఒక్కనాడన్న దిగి చూడలే.
నా స్టాపు కాదు గద.

ఇప్పుడు ఆదివారం చీకటితోనే
ఖాజాగూడ మలుపు కాడ నిలవడ్త.
చేతుల టికెట్ మిషను లేదు,
గోనెసంచి ఉంది, సున్నం డబ్బా, అరిగిన కుంచె.
"జీతమెంత?" అని నవ్విండు మా బామ్మర్ది కొమురెల్లి.
చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లన్న.
అవి గూడ తహసీన్ మర్చిపోకుంట తెస్తేనే.

తహసీన్ పిల్లలకు బండలెక్కుడు నేర్పిస్తది.
నడుముకు తాడు కట్టుకోని ఉడుత లెక్క పైకి పోతది,
నా మెడ నొయ్యవట్టేదాక.
"అంకుల్, ఆ పగుల్ల చెయ్యి పెట్టకుండ్రి,
తేలుంటది. మనమే దానింటికి వచ్చినం" అంటది.

శనివారం రాత్రి ఎవరో తాగుతరు,
ఆదివారం పొద్దుగాల నేను ఏరుత.
గాజుపెంకులు ఏరుడంటే చిల్లర లెక్కవెట్టినట్టే:
ఒక్కటి ఇడిసిపెడితే
ఎవరి కాలో కట్టాలె ఆ బాకీ.
నీలిరంగుల రాసిన పేర్లు గూడ రుద్దుత.
మొన్న రాకేశ్ మొత్తం పోయిండు,
చందన సగమే పోయింది.
"గట్టిగ రుద్దకుండ్రి, బండ మీద పాచి గూడ పానమే" అన్నది తహసీన్.
సగం చందనను అట్లనే ఉంచిన.

గుట్టెక్కేటోళ్లను లెక్కవెడ్త.
ఎవ్వరు చెప్పలే. పాత రోగం.
ఆ దినం ఎక్కింది ఇరవై ఏడు,
దిగింది ఇరవై ఆరు.
మళ్ల లెక్కవెట్టిన, చెప్పులతోని సహా.
అప్పట్ల పైసలు తక్కువవడితే జేబులకెల్లి కట్టేది.
మనిషి తక్కువవడితే
ఏ జేబులకెల్లి కట్టాలె?

మోకాళ్లను తిట్టుకుంట పైకి పోయిన,
నేను గీసిన సున్నం బాణాలు పట్టుకోనే.
సీతాఫలం పొద దాటినంక
ఒక బాణం, నా చెయ్యి వణికిన నాటిది,
తొవ్వను ఇడిసి ఆకాశం దిక్కు చూపెడుతున్నది.
అది పట్టుకోనే పోయిందామె.

అంచు బండ మీద కూసోనున్నది.
పేరు నాగసూరమ్మ అని తర్వాత చెప్పింది.
ఎదురుంగ అద్దాల బిల్డింగులు, ఎండకు మండుతున్నయి.
"పదకొండో అంతస్తుల నేను తుడుస్త.
తుడిచేటప్పుడు దినాం ఈ గుట్ట కనవడ్తది.
ఇక్కడికెల్లి నా అద్దం కనవడ్తదేమో అని
ఎతుకుతున్న."

నేను గూడ ఎతికిన.
అన్ని అద్దాలు ఒక్క తీరుగనే ఉన్నయి.
"ఎడమ దిక్కు, కొంచెం కిందికి" అన్నది,
"మస్తు మెరుస్తలేదా? అదే కావచ్చు."
అవునన్న. కాకున్నా అవుననేటోన్నే.

అప్పుడామె జరిగి
పక్కన జానెడు జాగ ఇచ్చింది:
"నిలవడ్డరేంది, కూసోండ్రి."

జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి అని
లక్షలసార్లు అరిసిన నోరు నాది.
డ్యూటీల ఉండంగ నా కోసం
ఎవ్వరు జరగలే.

కూసున్న.
బండ ఇంక సల్లగనే ఉన్నది, రాత్రిని దాసుకోని.
కింద రోడ్డు మీద ఒక బస్సు పోతున్నది,
బొమ్మ లెక్క, ఎవరో కిటికీలకెల్లి
ఇటు చూస్తున్నట్టే అనిపించింది.
చెయ్యి ఊపుదామనుకోని ఊపలే.

ఆ బాణం ఇంక దిద్దలే.
దిద్దాలె. వచ్చే ఆదివారం చూస్త.

కిందికెల్లి తహసీన్ విజిల్ వినవడ్డది.
ఆమె లెక్కల ఇప్పుడు ఇద్దరం తక్కువ.
రెండుసార్లు కొడితే బండి కదలాలె,
ఒక్కసారి కొడితే ఆగాలె, అది మా డిపో పద్ధతి.

ఒక్కసారే కొట్టింది.