రెండో వైపు, నాలుగో పాట

డులూత్‌లో, డెబ్బై రెండు చలికాలం,
పక్కింటి కవలల్ని ఆడించిన డబ్బుతో కొన్నాను.
అట్ట మీద టాబీ క్లేర్:
ఊదారంగు చొక్కా, పళ్లన్నీ నవ్వు.
"పాలబుగ్గలు పాడుతున్నాయి" అన్నాడు అన్న వెర్నన్.
గోడకి అంటించింది ఆ బుగ్గల్నే, ఒప్పుకుంటాను.

మొదటి వైపంతా పంచదార.
రెండో వైపు, నాలుగో పాటలో
వయొలిన్లు ఆగిపోతాయి.
పల్లవి ఎత్తుకోబోతూ
కుర్రాడు ఊపిరి పీల్చడం వినిపిస్తుంది.
పై స్వరం దగ్గర గొంతు జీరపోతుంది.
ఎవరూ దిద్దలేదు.

సూది ఎగరకుండా పెన్నీ బరువు పెట్టి
ఆ చోటే అరగదీశాను.

బొమ్మ ఎప్పుడో చిరిగిపోయింది.
నాకు అరవై ఏడు.
సరస్సులో ఇనుపరాయి ఓడ కూస్తుంటే
ఇప్పటికీ అక్కడికొచ్చేసరికి
ఊపిరి బిగబడతాను,
ఈసారైనా అందుకుంటాడేమోనని,
అందుకోకూడదనీ.