పాచి

మాయమ్మది పాచిపని.
కంటోన్మెంటులో నాలుగిల్లు. తెల్లారకుండా అంట్లు, వాకిల్లు.
"నువ్వు పాచి ముట్టకూడదే పోలేశ్వరీ" అని
పదోతరగతి దాకా సదివించింది.

ఇప్పుడు నాను మూడు లాంతర్ల కాడ
పల్ల డాట్రు ఉపేంద్రబాబు దగ్గిర ఉద్యోగం.
పొద్దున్నించీ ఆయన జనం నోట్లో పాచి గీకుతాడు.
ఉమ్మి పీల్సే గొట్టం పట్టుకుని నాను పక్కన.

ముందు గదిలో ఉప్పునీటి తొట్టి, నాలుగడుగులది.
రాల్లు, పగడాలు, మూడు సేపలు.
సింతపల్లిలో పుట్టినదాన్ని, సముద్రం తెల్దా నాకు?
తెల్దు. ఈ సముద్రానికి స్విచ్చుంది.
కరెంటు పోతే రొప్పుతాది.

ఆగస్టులో రాతిమీద పచ్చగా నూగు.
పుట్టెంటికలు గావాల, ముద్దొచ్చింది గూడా.
పదిరోజుల్లో జడైపోయింది.
పగడం మీద పడి దాని నోరు మూసీసింది.

కంపెనీవోల్లు ఊరికే ఇచ్చిన బ్రష్షులుంటాయి గదా,
ఒకటి ముంచి, తిప్పి తిప్పి, దారం సుట్టినట్టు సుట్టి
పీకేను. బకెట్టు నిండా జుట్టు.
సోమారానికి మల్లీ అంతే ఉంది.
కొళాయి నీల్లు మానీసి క్యాన్ నీల్లు పోసేను.
పది గంటల లైటు ఆరు గంటలకి దించేను.
బాబు నత్తల్ని తెప్పించేడు, ఏడు.
రెండు సచ్చిపోయేయి.
ఒకటి రోజూ ఎల్లకిలా పడతాది. దాన్ని తిరగెయ్యడం
నా పొద్దుటి పని.

గాజుగొట్టంలో నీల్లు పోసి సుక్కలేస్తే నీలం తేలింది.
మంచిదే అనుకున్నాను, సముద్రం రంగే గదా.
కాదట.
ఎంత నీలమైతే నీట్లో అంత ఎంగిలట.

మరి ఎంగిలెవులిది?

బేస్తారం నాడు సూసేను.
పన్ను పీకిన ప్రతిసారీ బాబు సేతులు కడుక్కుని
తొట్టి కాడికొచ్చి నిలబడతాడు,
సిటికెడు మేత ఏస్తాడు,
సేపల ఎంపు సూడకుండానే.
ఆ సాయంత్రం ట్రేలో పల్లు లెక్కెట్టేను. పదకొండు.
సేపలు మూడు.

పెద్దోడికి ఎలా సెప్పడం?
నాలుగు రోజులు మింగీసేను.
అయిదోనాడు, ఒక పిల్లాడికి సాక్లెట్లు మానమని ఆయన సెప్తుంటే
"బాబూ, రోజంతా నమిల్తే పాచి పడతాదని మీరే అంటారు గదా"
అని తొట్టి ఎంపు సూసేను.
ఆయన నవ్వలేదు.
మర్నాడు మేత డబ్బా నా టేబిలు సొరుగులో ఉంది.

ఇప్పుడూ వొస్తాడు, పన్ను పీకీగానే.
వట్టి సేతులు. సేపలు అద్దం కాడికి ఉరుకుతాయి.
ఏటీ పడదు.
కాసేపలాగే నిలబడి, లోపలికెల్లి
"తరవాతోల్లని పిలువు" అంటాడు.

అయిదు వారాలకి పచ్చ పాలిపోయింది.
ఏలితో తాకితే ఊడొచ్చీసింది, ముసలోల్ల జుట్టులాగ.
పగడం మూలన గులాబి రంగు,
పసిపిల్ల సిగురంత.
రాతి ఎనకాల ఇంకా ఒక కుచ్చుంది. ఉండనీ,
నత్తలకి తిండి గావాల గదా.

నిన్న మాయమ్మని తీసుకొచ్చేను, దవడ పన్నుకి.
పీకినాక బాబు తొట్టి కాడికొచ్చేడు.
నానే సొరుగు తీసి ఒక్క సిటికెడు ఆయన సేతిలో ఏసేను.

అమ్మ నోట్లో దూది. మాటాడకూడదు.
తొట్టిని సూసింది, పగడాన్ని సూసింది,
మిలమిల్లాడే అద్దాన్ని సూసింది.
సెయ్యి తిప్పి సైగ సేసింది:
ఇది తోమినోల్లెవులు?

ఉప్పుకి నాని ముడతలడ్డ సేతులు
ఎనక్కి పెట్టీసుకున్నాను.