మెడ పైకుండాలి

బుర్రిలంక నర్సరీలో పనికి కుదిరిన రోజు
పేరంటాలు నా చేతిలో ఒక గడ్డ పెట్టింది.
"అమరిల్లీసు. ఉల్లిపాయనుకుని కూరలో తరిగేవు" అంది.
నవ్వలేదు.

రెండు తట్టల ఎర్రమట్టి, తట్టెడు కొబ్బరిపొట్టు,
దోసెడు ఏటి ఇసక.
నేను గడ్డ కనపడకుండా కప్పెట్టేశాను.
ఆమె చూపుడువేలితో మట్టి వెనక్కి లాగింది.
"మెడ పైకుండాలే పిల్లా.
మెడ మునిగిందా, లోపల్నించి కుళ్ళిపోద్ది.
పైకి పచ్చగానే ఉంటది, అదీ దాని పొగరు."

రోజుకి నాలుగొందల సంచులు.
సాయంత్రానికి నల్ల సంచుల్లోంచి నాలుగొందల మెడలు,
హాజరు పిలుస్తారేమోనని చూస్తున్నట్టు.

శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక.
మా లంకలో నీళ్ళు అరుగెక్కాయి, పొయ్యి ఎక్కాయి,
ఎర్రగా, చప్పుడు లేకుండా.
పడవ వచ్చేదాకా నిలబడ్డాం
నడుముదాకా, రొమ్ముదాకా, భుజాలదాకా,
రేషను కార్డు నెత్తిన, మేకపిల్ల మెడమీద.
మా అత్త దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలుస్తోంది.
నాకు మాత్రం గుర్తుకొచ్చింది
మట్టిని వెనక్కి లాగిన ఆ వేలు.

తిరిగి పనికెళ్ళేసరికి సగం గడ్డలు మెత్తబడ్డాయి.
పేరంటాలు బ్లేడుతో పొర తర్వాత పొర కోసింది
తెల్లటి కండ తగిలేదాకా.
కోసినచోట బూడిద అద్దింది.
తగలనివాటిని కాలవ గట్టు మీదికి విసిరింది,
లెక్కపెట్టలేదు.

కార్తీకం వెళ్ళాక నీళ్ళు మానేశాం.
ఆకులు పసుపెక్కి, వాలి, ఎండి, గాలికి పోయాయి.
"పస్తు పడుకోనీ. ఆ నిద్రలోనే మొగ్గ కట్టుద్ది."
నేను ఆగలేకపోయాను.
వరసలో చివరిదానికి, ఎవరూ చూడకుండా,
రోజూ నా సీసాలో మిగిలిన నీళ్ళు.

మాఘం చివర తడులు మొదలెట్టాం.
ఆకుకంటే ముందే కాడ లేచింది,
లోపల బోలుగా, బొటనవేలంత లావు.
కాడకి నాలుగేసి పూలు, పండుమిరప రంగులో.
నాగపూర్ లారీ నిండింది.
చివరిది మాత్రం ఆకులేసింది.
ఆకులే. నిగనిగలాడుతూ, మూరెడేసి.

"దీన్నెవడు కొంటాడు, పట్టుకుపో" అంది పేరంటాలు.
ఆమెకి ముందే తెలుసనుకుంటా.

ఇప్పుడది మా ఇంట్లో గూట్లో ఉంది,
గోడమీద వరద గీసిన గీతకి జానెడు పైన.
మళ్ళీ కార్తీకం వెళ్ళింది. నీళ్ళు పొయ్యడం లేదు.
చేతులు వెనక్కి కట్టుకుని దాని ముందునుంచి నడుస్తాను.
ఉల్లిపాయనుకుని
మా అత్త ఇప్పటికి రెండుసార్లు తీసింది.