నీళ్ల సీసా వణికింది

కటోవిత్సెలో ఆరో నంబరు ట్రాము తోలతాను.
ఫిబ్రవరి వచ్చిందంటే
బోర్లించిన పళ్లెంలా ఉండే ఆ పెద్ద హాలు ముందు
తలుపు తెరవడం ఆలస్యం,
నల్ల టోపీల పిల్లలు పొలోమని దిగుతారు.
పట్టాల పక్క మంచంతా
వాళ్ల తొక్కుడికి బురదైపోతుంది.

మొదట్లో నేనూ డిపోలో గెరార్డ్‌తో కలిసి నవ్వేదాన్ని:
కూచుని ఆడేది ఆటేమిటి,
చెమట పట్టని చొక్కాకి నంబరెందుకు అని.

నాది హాల్డా క్లబ్బు.
గని బుగ్గి దిబ్బ పక్కన మైదానం,
గాలి లేస్తే పెనాల్టీ గుర్తు కనబడదు.
షిఫ్టు దిగిన నాన్న
ఎంత కడిగినా పోని బొగ్గు కాటుక కళ్లతో
నన్ను భుజాలకెత్తుకుని తీసుకెళ్లేవాడు.
ఆయన కొరికిన పొద్దుతిరుగుడు గింజల పొట్టు
నా బూట్ల మీదే రాలేది.
ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియకముందే
ఓడిపోవడమంటే తెలుసు నాకు.

ఒక శనివారం సీటు కింద టికెట్టు దొరికింది.
డిపోలో అప్పజెప్పాలి.
అప్పజెప్పలేదు.

లోపల చీకటి, పొగమంచు, నీలి దీపాలు.
బల్లల వెనక అయిదుగురు పిల్లలు
వేడి పొట్లాలు అరచేతుల్లో నలుపుకుంటున్నారు.
వాళ్లలో జెమోవిత్‌కి పందొమ్మిదేళ్లు.
మణికట్టుకి పట్టీ,
మా గోలీ బొలేక్ మోకాలికి చుట్టుకున్నంత గట్టిగా.
తనవాళ్లంతా పడిపోయారు.
అవతల ముగ్గురు, ఇవతల వాడొక్కడు,
పదకొండు సెకన్లు.
హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది.
ఇద్దరు పోయారు. మూడోవాడు...
నేను కుర్చీ మీదికెక్కి నిలబడ్డాను,
యూనిఫాంతోనే,
ఈ యాభై రెండేళ్ల వయసులో.

అయితే కోపాలూ లేకపోలేదు.
ఎక్కడో ఆఫీసులో ఎవడో
రాత్రికి రాత్రి తుపాకీ బరువు మార్చేస్తాడు,
నిన్నటిదాకా నేర్చిందంతా నీళ్లపాలు.
గోల్ స్తంభం జానెడు జరిపితే
మా నాన్న ఊరుకునేవాడా?
పోయినేడు కొన్న జెర్సీ మీది జట్టు
ఈ ఏడు లేనే లేదు.
కంపెనీ ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకుంది.
హాల్డా అయితే నలభై ఏళ్లుగా చస్తోంది,
ఇంకా చావలేదు.
ఇక్కడ ఇరవై నాలుగు దాటితే ముసలాడంటారు.
బొలేక్‌కి నలభై ఒకటి,
పొద్దున పైపులు బిగిస్తాడు, సాయంత్రం గోలు కాస్తాడు,
రెండూ కారుతూనే ఉంటాయి.

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది వేరే.
వాళ్లకి మేం వినబడమట.
చెవుల మీద డొప్పలు, లోపల వానలాంటి రొద.
మరి గొంతు చించుకుని
ఎవరికోసం అరిచినట్టు ఇంతసేపూ?
పక్క సీటు అమ్మాయి చెప్పలేదేమీ,
పెద్ద తెర వైపు వేలు చూపించింది.
జెమోవిత్ మోచేతి దగ్గర నీళ్ల సీసా.
మేం అరిచినప్పుడల్లా
సీసాలో నీళ్లు వణుకుతున్నాయి.
వాడు తల తిప్పకుండానే
ఒక వేలు ఆ సీసాకి ఆనించి ఉంచాడు.

నాన్నకి డ్రిల్లు మోతకి చెవులు పోయాయి.
చివరి రెండు సీజన్లూ
ఇనప కమ్మీ మీద అరచెయ్యి పెట్టుకుని చూశాడు.
కమ్మీ జలదరిస్తే నావైపు తిరిగి
"మనవాళ్లేనా కొట్టింది?" అనేవాడు.
ఎక్కువసార్లు కాదని తలూపేదాన్ని.

ఫైనల్లో జెమోవిత్ జట్టు ఓడింది.
ఆఖరి ట్రాము నేనే తోలాను.
నల్ల టోపీలన్నీ కిటికీలకి చేరబడ్డాయి, మాటల్లేవు.
ఈ మౌనం నాకు తెలుసు,
దీనికి ఏ స్టాపులో దిగాలో కూడా తెలుసు.
బెల్లు కొట్టకుండా మెల్లగా పోనిచ్చాను.

వచ్చే శనివారం హాల్డాకి మ్యాచ్.
మహా అయితే నూటపన్నెండు మందిమి.
నేను తిట్టే ప్రతి అక్షరం
బొలేక్‌కి శుభ్రంగా వినబడుతుంది.
బంతి అవతలి కొసన ఉన్నప్పుడు
వెనక్కి తిరిగి
నన్నూ తిడతాడు.