పేలిక

గురువారం గురువారం వ్యాను వేసుకుని రేవు ఊళ్ళకు వెళ్తాం.
వెనక ఆరు అట్టపెట్టెలు, ఒక స్కానరు,
ఫ్లాస్కులో టీ, ఎల్స్‌పెత్ కాల్చిన ఓట్ల బిస్కెట్లు.
నిజం చెప్పాలంటే మొదటి ఏడాది జనం
బిస్కెట్ల కోసమే వచ్చారు.

ఇన్వర్‌కార్డీలో పదిహేడిళ్ళది ఒకే ఇంటిపేరు.
అందుకని ఇంటికొక మారుపేరు:
బోచీ, డోస్, కోక్, పొడుగు లాటిన్.
మా జాబితాలో అవి లేవు.
జాబితా రాసిన దొర చక్కటి ఇంగ్లీషువాడు,
చేపకంపుకు ముక్కు మూసుకుని రాసినట్టున్నాడు.

మా దగ్గర ఏముందంటే,
రేవు సుంకం లెక్కలు తొంభై మూడు సంపుటాలు,
పీపాల గుత్తేదారు ఉత్తరాలు,
మునిగిన పడవల మీద బీమా తగాదాలు.
ఏం లేదంటే చెప్పలేం.
లేనిదానికి అల్మరా నంబరు ఉండదు.

ఒక ఫోటో మాత్రం ఉంది.
హెర్రింగు పీపాల ముందు నలభై ఒక్కమంది అమ్మాయిలు,
నవ్వాలా వద్దా అన్నట్టు.
వెనక పెన్సిలుతో పడవ పేరు.
పీపాల మేస్త్రీ పేరు.
మూలన పడుకున్న కుక్క పేరు కూడా, నిప్ అట.
తక్కిన వాళ్ళకు కలిపి ఒకటే మాట: అమ్మాయిలు.

దాన్ని పెద్దది చేసి చర్చి హాలు గోడకు అంటించాం,
పక్కనే దారం కట్టిన పెన్సిలు వేలాడదీశాం.
ఇరవై ఆరు పేర్లకు మూడు చలికాలాలు పట్టింది.
పై వరసలో అయిదో మొహం దగ్గర
రెండిళ్ళ మనవలు పోట్లాడుకున్నారు,
మా బేథియా అని ఒకరు,
కాదు మా విలియమీనా అని ఒకరు.
రెండూ రాసుకున్నాం.
ఒక మొహానికి రెండు పేర్లేమిటని పై అధికారి.
పదిహేడిళ్ళకు ఒకే పేరు ఉండగా లేనిది, అంది ఎల్స్‌పెత్.

అందరూ తెల్ల తొడుగులు అడుగుతారు, సినిమాల్లో చూసి.
అక్కర్లేదు, సబ్బుతో చేతులు కడుక్కోండి చాలు అంటాం.
ఒకావిడ పకపకా నవ్వింది,
మా నాయనమ్మ చచ్చేదాకా కడుగుతూనే ఉంది బాబూ,
బస్సులో పక్క సీటు ఖాళీగానే ఉండేది.

ఫిబ్రవరిలో, వాన వెలిసీ వెలవకుండా,
కోక్ ఇంటి గిల్బర్ట్ వచ్చాడు.
పొగాకు డబ్బాలోంచి ఒక పేలిక తీసి బల్ల మీద పెట్టాడు.
మా అమ్మ వేలికట్టు, అన్నాడు.
నిమిషానికి నలభై చేపలు, మోచేతుల దాకా ఉప్పు,
వేలికొక పేలిక చుట్టి
పళ్ళతో దారం బిగించేదట.

నా దగ్గర నియమావళి ఉంది. నాలుగో పేరా:
రాసినవి, గీసినవి, అచ్చయినవి తీసుకుంటాం.
వస్తువులు మ్యూజియానికి.
మ్యూజియం మంగళవారమే తెరుస్తారు,
అదీ పైకప్పు కారకపోతే.
క్షమించండి, అన్నాను,
ఉద్యోగంలో నేర్చుకున్న గొంతుతో.

ఆయన నొచ్చుకోలేదు.
పేలికను దీపం కిందికి జరిపాడు.
పిండిసంచి చింపిన గుడ్డ.
మిల్లు పేరులో చివరి మూడక్షరాలు, నీలంగా,
ఉప్పు తినగా మిగిలినవి.
అచ్చయిందే కదా, అన్నాడు.

ఫారం తీశాను.
పేరు అడిగితే చెప్పాడు: క్రిస్టియానా.
ఫోటోలో ఎక్కడ, అని లేచాను ఆశగా.
ఎక్కడా లేదు, ఆ రోజు చెయ్యి చీము పట్టి
గుడిసెలో పడుకుంది.

ఇరవై ఏడో పేరు ఫోటో అంచు దాటి
గోడ మీదే రాశాం.
మే నెలలో సున్నం వేయిస్తారట,
ఆలోగా గోడను కూడా ఫోటో తీయాలి.

గుడ్డకు పురుగు ఉంటుందని
మైనస్ ముప్పైలో రెండు వారాలు ఉంచాలి, అదీ నియమమే.
చెప్పడానికి నాకే ఎలాగో అనిపించింది.
పెట్టండి పెట్టండి,
ఆవిడకి చలి అలవాటే, అన్నాడు గిల్బర్ట్,
ఖాళీ డబ్బా జేబులో వేసుకుంటూ.