కాకిలెక్క

ఉమ్ అల్ కువైన్ క్రీకులో తెల్లారగట్ల
పడవ తాడు విప్పుతూ అడిగాను:
"ఇవాళ ఏ కాకులు, మేడమ్?"

డాక్టర్ షంసా నవ్వలేదు.
అట్ట మీద కాగితం బిగించి
రెండు గడులు గీసింది.

మా ఉప్పాడలో రెండూ కాకులే.
గోడ మీద వాలేది ఊరకాకి,
నీళ్ళలో మునిగేది నీటికాకి.
నలుపు చూసి పేరు పెట్టేశారు పెద్దలు,
చుట్టరికం అడగలేదు.

అదే తప్పంది ఆమె.
ఊరకాకిది పిచ్చుకల వైపు బంధుత్వమట.
నీటికాకి పాముమెడ పిట్టల ఇంటిది.
"కాలు చూడు, నాలుగు వేళ్ళనీ కలిపి తోలు.
వీటి మధ్య కోట్ల ఏళ్ళున్నాయి."
తల ఊపాను.
కోట్ల ఏళ్ళు దేనితో కొలుస్తారో!
నా దగ్గరున్నది రెండేళ్ళ కాగితం.

సినియా దీవి ఇంకా కనపడకముందే వాసన:
ఉప్పు, రెట్ట, మురిగిన చేప.
మురాద్ ఇంజను ఆపేశాడు.
ఇసకంతా గరిటెతో తోడినట్టు గుంటలు,
గుంటకో పక్షి.
వేల మెడలు ఒక్కసారిగా
మా వైపు తిరిగాయి.
దూరం నుంచే లెక్కపెట్టాం, గొంతు తగ్గించి,
పసిబిడ్డ పడుకున్న ఇంట్లోలా.
ఈ గల్ఫు, ఈ అరేబియా ఒడ్డు,
ఇంకెక్కడా ఇవి గుడ్లు పెట్టవట.
మొదటి గడిలో రాసింది:
ముప్పు అంచున.

మధ్యాహ్నం చేపల మార్కెట్టు వెనక
రెండో గడి.
చెట్టుని వీళ్ళు గాఫ్ అంటారు, మేం జమ్మి అంటాం.
ఇది మాత్రం ఒకటేనట, ఆమే చెప్పింది.
కొమ్మకొమ్మకీ ఊరకాకులు,
ఇనపతీగలూ ప్లాస్టిక్ తాళ్ళూ అల్లిన గూళ్ళు.
ఏనాడో ఏ ఓడ కొయ్య మీదో
కూచుని వచ్చి ఉంటాయంది.
మనిషి లేని చోట ఈ పక్షి లేదట.
దీనికంటూ ఒక అడవి లేదట.
ఒడ్డుపిట్టల గుడ్లు మింగుతుంది,
అబద్ధం కాదు, నేనే చూశాను.
గడిలో రాసింది: ముప్పు లేదు.
దాని కిందే ఎర్ర సిరాతో:
బయటిది. తొలగించాలి.

"ఎన్ని?" అంది తలెత్తకుండా.
ఆమె వెనకాల, బండి టాపు మీద
నా టిఫిను డబ్బానే చూస్తూ ఒకటి,
బూడిదరంగు మెడ పక్కకి వాల్చి.
చారన్నం వాసన దానికి తెలుసు.
"నూట నలభై రెండు," అన్నాను.
రాసుకుంది.

ఇలాంటి లెక్కకి మా భాషలో ఒక మాటుంది.
ఆమె అడగలేదు,
నేను చెప్పలేదు.