హార్డ్ మౌంట్

డండీలో రాత్రి రెండున్నర.
కరెంటు పోయి వచ్చింది. మిషన్లన్నీ లేచాయి.
మావాడొక్కడు
ఫోల్డరులో ఏముందని అడగ్గానే కొయ్యబారిపోయాడు.

పింగ్ కొడితే స్టోరేజీ పలుకుతోంది,
లోపల్నుంచి "ఆఁ" అంటూ తలుపు తీయని మనిషిలా.
కిల్ మైనస్ తొమ్మిది. చావడు.
చావడానికీ అవతలి నుంచి జవాబు రావాలట.

సెట్టింగుల ఫైలు తెరిచాను.
రిటైరైన ఇష్బెల్ వదిలిపోయిన ఒక లైను:
"దీన్ని సాఫ్ట్ చేయొద్దు.
ఆలస్యమైనా ఫర్వాలేదు, అబద్ధం వద్దు."

వెతగ్గా వెతగ్గా తప్పు ఇంతే:
నెట్‌వర్కు కళ్లు నులుముకోకముందే
మావాడు వెళ్లి తలుపు కొట్టాడు.
ఒక్క మాట చేర్చాను, అది లేచాకే వెళ్లమని.

మళ్లీ రీబూట్.
టే నది వంతెన మీద మొదటి రైలు దీపాలు.
ఫైళ్ల పేర్లు జలజలా రాలాయి.

ఇష్బెల్ లైను కింద
నా పొడి అక్షరాలు కూడా పెట్టాను.